క్రిమి లేని జ్వరం

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్తాను.

పెద్ద ప్రమాదం జరిగి ఎముకలు విరిగి, కండరాలు నలిగిపోయిన ఒక మనిషి ఐసీయూలో ఉన్నాడనుకోండి. ఒకటి రెండు రోజులు గడిచేసరికి ఒళ్లు కాలిపోతూ ఉంటుంది. గుండె వేగం పెరుగుతుంది, ఎగశ్వాస వస్తుంది, తెల్ల రక్తకణాల లెక్క పైకి పోతుంది. కొందరికి బీపీ పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఏ డాక్టరుకైనా మొదట వచ్చే అనుమానం సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతిని ప్రాణం మీదికి రావడం. రక్తాన్ని కల్చర్‌కు, అంటే అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు పంపిస్తారు, యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు. చాలాసార్లు ఆ కల్చర్‌లో ఏమీ పెరగదు. మళ్లీ పంపినా అంతే. క్రిమి లేదు. కానీ ఒళ్లంతా క్రిమితో యుద్ధం చేస్తున్నట్టే ఉంది.

వైద్యులను ఎన్నో ఏళ్లు వేధించిన చిక్కు ఇది. 2010లో బోస్టన్‌లో పనిచేస్తున్న కార్ల్ హౌజర్ అనే సర్జన్, ఆయన సహచరులు దీనికొక జవాబు చూపించారు. తీవ్రంగా గాయపడినవాళ్ల రక్తం తీసి, అందులో మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఎంత ఉందో కొలిచారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పోలిస్తే అది విపరీతంగా ఎక్కువ ఉంది. బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఆనవాళ్ల కోసం కూడా వెతికారు, అవి దొరకలేదు. నలిగిన కండరంలోంచి మైటోకాండ్రియా ముక్కలు రక్తంలోకి కొట్టుకొచ్చాయి. వాటిని చూసి న్యూట్రోఫిల్స్, అంటే బ్యాక్టీరియా మీదికి అందరికంటే ముందు ఉరికే తెల్ల కణాలు, రెచ్చిపోయాయి. ఎలుకలకు ఆ ముక్కలు ఒక్కటే ఎక్కించి చూస్తే వాటి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి.

ఎందుకిలా జరుగుతుంది? మన ఒంట్లోదాన్ని మన ఒళ్లే శత్రువనుకోవడమేమిటి? ఈ రోజు నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మైటోకాండ్రియా అనగానే మనకు బడిలో చెప్పిన మాట గుర్తొస్తుంది: కణానికి శక్తినిచ్చే భాగం. అది నిజమే గానీ అక్కడితో ఆగిపోతే అసలు కథ తెలియదు. మైటోకాండ్రియా పూర్వం స్వతంత్రంగా బతికిన బ్యాక్టీరియా. నూట యాభై కోట్ల ఏళ్లకు పైబడిన మాట ఇది. అలాంటి బ్యాక్టీరియా ఒకటి ఇంకో కణంలోకి చేరింది, జీర్ణమైపోకుండా అక్కడే స్థిరపడింది. 1967లో లిన్ మార్గులిస్ ఈ వాదాన్ని గట్టిగా ముందుకు తెచ్చినప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆధారం మన కణాల్లోనే కనిపిస్తోంది. మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంది, బ్యాక్టీరియాకు ఉన్నట్టే గుండ్రంగా చుట్టుకుని. మనుషుల్లో దాని పొడవు 16,569 అక్షరాలు, అందులో 37 జన్యువులు. వాటిలో 13 మాత్రమే ప్రొటీన్లు తయారుచేయిస్తాయి. మైటోకాండ్రియాకు కావలసిన మిగతా వెయ్యికి పైగా ప్రొటీన్ల జన్యువులు కాలక్రమంలో కణ కేంద్రకానికి చేరిపోయాయి.

ఆ 13 ప్రొటీన్లను కాస్త దగ్గరగా చూద్దాం. మన కణం మామూలుగా ప్రొటీన్ అల్లడం మొదలుపెట్టేది మెథియోనిన్ అనే అమైనో ఆమ్లంతో. బ్యాక్టీరియా కూడా దానితోనే మొదలుపెడుతుంది, కానీ దానికి ఫార్మైల్ అనే చిన్న రసాయన తోక ఒకటి తగిలిస్తుంది. మైటోకాండ్రియా ఇన్ని కోట్ల ఏళ్లయినా ఆ అలవాటు మానలేదు. న్యూట్రోఫిల్స్ ఒంటిమీద ఆ తోకను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. ఎక్కడ తోక ఎక్కువగా తగిలితే ఆ దిక్కుకు పరిగెత్తడమే వాటి పని. ఆ తోక క్రిమి నుంచి వచ్చిందా, నలిగిన కండరం నుంచి వచ్చిందా అని తేడా చూసే తీరిక వాటికి ఉండదు. డీఎన్‌ఏ విషయమూ అంతే. కేంద్రకంలోని డీఎన్‌ఏ మీద ఉండే మిథైల్ అనే రసాయన గుర్తులు మైటోకాండ్రియా డీఎన్‌ఏ మీద దాదాపుగా ఉండవు, బ్యాక్టీరియాలో లాగే. టీఎల్‌ఆర్9 అనే గ్రాహకం వెతికేది సరిగ్గా అలాంటి డీఎన్‌ఏనే.

అందుకే నేననేదేమిటంటే, ఇక్కడ అణువు మంచిదా చెడ్డదా అన్నది ప్రశ్న కాదు, అది ఎక్కడుంది అన్నదే ప్రశ్న. పొయ్యిలో ఉన్నంతసేపూ నిప్పు ఇంటికి ఆధారం. అదే నిప్పు చూరెక్కితే ఇల్లు మిగలదు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ కూడా రెండు పొరల లోపల ఉన్నంతకాలం మనల్ని బతికిస్తుంది. ఆ పొరలు దాటి కణద్రవంలోకి వస్తే ఒక ప్రమాద సూచన, కణం కూడా దాటి రక్తంలోకి వస్తే మరో పెద్ద ప్రమాద సూచన.

రోగనిరోధక వ్యవస్థ చేసే పనల్లా మన సొంతమేదో పరాయిదేదో గుర్తుపట్టడమేనని ఒకప్పుడు అనుకునేవాళ్లు. 1994లో పాలీ మాట్జింగర్ అనే శాస్త్రవేత్త వేరే మాట చెప్పారు. అది పరాయిదా కాదా అని కాదు, నష్టం జరుగుతోందా లేదా అని చూస్తుందన్నారు. అప్పట్లో దాని మీద పెద్ద గొడవే జరిగింది. నా మటుకు నాకు ఆమె మాటలో సగానికి పైగా నిజముందనిపిస్తుంది. మైటోకాండ్రియా విషయంలోనైతే సొంతం, పరాయి అనే గీతే చెరిగిపోతోంది కదా. అది మన సొంత పరాయి.

ఇప్పుడు కణం లోపలికి వెళ్దాం. కణం మీద ఒత్తిడి అంటే ఏమిటి? ఆక్సిజన్ అందకపోవడం, చక్కెర, కొవ్వు మోతాదు మించడం, వైరస్ చొరబడటం, విషపదార్థాలు, ప్రొటీన్లు సరిగా మడత పడకుండా పేరుకుపోవడం, ఇలా ఎన్నో. వీటిలో చాలావాటి దెబ్బ ముందుగా మైటోకాండ్రియాకే తగులుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు ఒక ప్రొటీన్ నుంచి ఇంకోదానికి చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరాలి. దారిలో అడ్డు పడితే కొన్ని ఎలక్ట్రాన్లు జారిపోయి, మధ్యలోనే ఆక్సిజన్‌తో కలిసి చురుకైన ఆక్సిజన్ అణువులను పుట్టిస్తాయి. లోపలి పొర మీద ఉండే విద్యుత్ పీడనం పడిపోతుంది. పొరలు వదులవుతాయి. అప్పుడు డీఎన్‌ఏ బయటికి జారుతుంది.

కణద్రవంలో డీఎన్‌ఏ ఉండకూడదు. ఉంటే ఒకటి వైరస్‌దైనా అయ్యుండాలి, లేదా లోపల ఏదో పగిలైనా ఉండాలి. దాన్ని పసిగట్టే ప్రొటీన్ ఒకటుంది, పేరు సీగ్యాస్. డాలస్‌లో పనిచేసే జిజియాన్ చెన్ బృందం 2013లో దాన్ని వెలుగులోకి తెచ్చింది. ఆ పనికి ఆయనకు 2024లో లాస్కర్ బహుమతి వచ్చింది. సీగ్యాస్ డీఎన్‌ఏను తాకగానే ఒక చిన్న వార్తాహర అణువును తయారుచేస్తుంది. అది వెళ్లి స్టింగ్ అనే ఇంకో ప్రొటీన్‌ను లేపుతుంది. స్టింగ్ లేస్తే ఇంటర్‌ఫెరాన్లు, అంటే వైరస్ వచ్చిందని కణాలను హెచ్చరించే ప్రొటీన్లు పుడతాయి, వాటితో పాటు ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో వాపూ మంటా పెంచే రసాయనాలు కూడా. గమనించండి, సీగ్యాస్ డీఎన్‌ఏలో ఏం రాసుందో చదవదు. రెండు పోగుల డీఎన్‌ఏ అయితే చాలు. అందుకే వైరస్ డీఎన్‌ఏకి, మన మైటోకాండ్రియా డీఎన్‌ఏకి అది ఒకే రకంగా స్పందిస్తుంది.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటి చెప్పాలి. మన ఒంట్లో రోజూ వేల కోట్ల కణాలు చనిపోతాయి. చాలావరకు ఒక పద్ధతి ప్రకారం, తమను తాము విప్పుకుని చనిపోతాయి. దీన్నే అపోప్టోసిస్ అంటారు. ఆ చావు మొదలయ్యేదీ మైటోకాండ్రియా దగ్గరే. బ్యాక్స్, బ్యాక్ అనే రెండు ప్రొటీన్లు దాని బయటి పొరకు కన్నాలు పెడతాయి. లోపల్నుంచి సైటోక్రోమ్ సీ బయటికొచ్చి కాస్పేజ్‌లు అనే కత్తెర ప్రొటీన్లను మేల్కొలుపుతుంది. 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ దశను బతికున్న కణాల్లోనే, సూక్ష్మదర్శిని కింద వీడియో తీశారు. ముందు కన్నం చిన్నది. అది క్రమంగా పెద్దదవుతుంది. తర్వాత లోపలి పొర ఆ కన్నంలోంచి బుడగలా బయటికి ఉబ్బుతుంది. ఆ బుడగలో డీఎన్‌ఏ ఉంటుంది. కాసేపటికి అది కణద్రవంలోకి వచ్చేస్తుంది.

మరైతే రోజూ చనిపోయే అన్ని కణాలకూ మనకు జ్వరం రావాలి కదా? రాదు. కారణం ఆ కత్తెర ప్రొటీన్లే. 2014లో రెండు బృందాలు విడివిడిగా పనిచేసి ఇదే తేల్చాయి. కాస్పేజ్‌లు చనిపోతున్న కణాన్ని ముక్కలు చేయడంతో ఆగవు, ఇంటర్‌ఫెరాన్ పుట్టించే దారిని కూడా తెంపేస్తాయి. ఎలుకల్లో ఆ కాస్పేజ్‌లను తీసేస్తే, ఏ వైరస్ లేకుండానే ఒళ్లంతా ఇంటర్‌ఫెరాన్ నిండిపోయింది. అంటే మన నిశ్శబ్దం ఊరికే వచ్చింది కాదు. కోట్ల కణాలు ఎవరికీ తెలియకుండా పోవడం వెనుక అంత పకడ్బందీ ఏర్పాటు ఉంది. వైద్యం అనగానే మనం రోగాన్ని చూస్తాం గానీ, రోగం రాకుండా రోజూ జరిగే ఈ పనిని చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

చావుదాకా రాని కణాల సంగతేమిటి? వాటికి ఇంకో ఏర్పాటుంది. దెబ్బతిన్న మైటోకాండ్రియాను గుర్తుపట్టి, కణమే దాన్ని మింగి జీర్ణం చేసుకుంటుంది. పింక్1 అనే ప్రొటీన్ ఆరోగ్యంగా ఉన్న మైటోకాండ్రియాలోకి వెళ్లి ఎప్పటికప్పుడు కరిగిపోతుంటుంది. విద్యుత్ పీడనం పడిపోయినప్పుడు లోపలికి వెళ్లలేక బయటి పొర మీదే పేరుకుపోతుంది. దాన్ని చూసి పార్కిన్ అనే ఇంకో ప్రొటీన్ వస్తుంది, ఆ మైటోకాండ్రియాకు పారేయాలన్న గుర్తు వేస్తుంది. ఈ రెండు జన్యువులూ మనకు ముందుగా తెలిసింది చిన్న వయసులోనే పార్కిన్సన్స్ వచ్చే కుటుంబాల వల్ల. పార్కిన్ జన్యువును 1998లో జపాన్ పరిశోధకులు గుర్తించారు, పింక్1తో సంబంధం 2004లో బయటపడింది.

పార్కిన్సన్స్ అంటే మెదడులో డోపమైన్ కణాలు పోవడం. దానికీ ఇన్‌ఫ్లమేషన్‌కూ ఏమిటి సంబంధం అనిపించొచ్చు. 2018లో రిచర్డ్ యూల్ బృందం ఎలుకల్లో చేసిన ప్రయోగం చూడండి. పింక్1 గానీ పార్కిన్ గానీ లేని ఎలుకలను అలసిపోయేదాకా పరిగెత్తిస్తే, వాటి రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలు బాగా పెరిగాయి. అదే ఎలుకల్లో స్టింగ్‌ను కూడా తీసేస్తే పెరగలేదు. పార్కిన్ లేకపోవడంతో పాటు మైటోకాండ్రియా డీఎన్‌ఏలో తప్పులు పేరుకునే ఎలుకల్లోనైతే డోపమైన్ కణాలు తగ్గిపోయి కదలికలు దెబ్బతిన్నాయి, స్టింగ్ తీసేస్తే ఆ నష్టం తప్పింది. మరుసటి ఏడు కెనడా పరిశోధకులు ఇంకొకటి చూపించారు. పింక్1 లేని ఎలుకపిల్లలకు పేగుల్లో బ్యాక్టీరియా సోకించారు. ఇన్ఫెక్షన్ తగ్గిపోయింది. కానీ కొన్ని నెలల తర్వాత వాటికి కదలికల్లో ఇబ్బంది మొదలైంది, పార్కిన్సన్స్ మందు ఎల్-డోపా ఇస్తే అది సర్దుకుంది. ఎలుకల్లో తేలిందంతా మనుషులకు అంటగట్టలేం. అయినా నరాల జబ్బు అనుకున్నదాని మొదటి అడుగు పేగుల్లో, రోగనిరోధక కణాల్లో పడి ఉండొచ్చన్న ఆలోచనకు ఇది బలమైన ఆధారం.

రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు లూపస్, దాని విషయం క్లుప్తంగా చెబుతాను. ఆ జబ్బున్న చాలామందిలో ఇంటర్‌ఫెరాన్ గుర్తులు ఎక్కువగా ఉంటాయి. వాళ్ల న్యూట్రోఫిల్స్ ఆక్సీకరణకు గురైన మైటోకాండ్రియా డీఎన్‌ఏను బయటికి విసురుతాయని 2016లో తేలింది. ఎర్ర రక్తకణం పరిపక్వమయ్యేసరికి తన మైటోకాండ్రియాను పూర్తిగా వదిలేయాలి. లూపస్ ఉన్న కొందరిలో అవి కణంలోనే మిగిలిపోతున్నాయి. ఆ కణాలను మాక్రోఫేజ్‌లు, అంటే చెత్తనూ క్రిములనూ మింగే రోగనిరోధక కణాలు మింగినప్పుడు మళ్లీ ఇంటర్‌ఫెరాన్.

ఇంకో దారి ఉంది, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీన్‌ది. కణంలో ప్రమాదం పసిగట్టగానే అదీ ఇంకొన్ని ప్రొటీన్లూ గుంపుగా చేరి, ఇన్‌ఫ్లమేషన్ రేపే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రొటీన్‌ను విడుదల చేయిస్తాయి. 2002లో యూర్గ్ చాప్ అనే శాస్త్రవేత్త ఇలాంటి గుంపుకు ఇన్‌ఫ్లమాసోమ్ అని పేరు పెట్టారు. 2006లో ఆయన బృందమే గౌట్ రోగుల కీళ్లలో పేరుకునే యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు దీన్ని రేపుతాయని చూపించింది. అర్ధరాత్రి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని ఆ నొప్పి ఎవరికైనా వచ్చి ఉంటే ఇన్‌ఫ్లమాసోమ్ అంటే ఏమిటో వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2011లో ఇందులో మైటోకాండ్రియాకు కూడా చెయ్యుందని అదే ప్రయోగశాల చెప్పింది. సరిగ్గా ఎలా అన్నదాని మీద ఇంకా వాదం నడుస్తోంది: చురుకైన ఆక్సిజన్ అణువులదే ప్రధాన పాత్ర అని కొందరు, శ్వాసక్రియ సాగడమే ముఖ్యమని ఇంకొందరు.

ఇదంతా విన్నాక, అయితే ఈ దారులన్నీ మూసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. కొన్ని వైరస్‌లు కణంలోకి వచ్చినప్పుడు ప్రమాద ఘంట మోగేది మైటోకాండ్రియా బయటి పొర మీదే, మావ్స్ అనే ప్రొటీన్ ద్వారా. 2005లో నాలుగు బృందాలు దీన్ని ఇంచుమించు ఒకేసారి కనుక్కున్నాయి, అందులో చెన్ బృందం ఒకటి. హెపటైటిస్ సీ వైరస్ ఏం చేస్తుందో తెలుసా? తన కత్తెర ప్రొటీన్‌తో మావ్స్‌ను మైటోకాండ్రియా నుంచి కోసి విడదీస్తుంది. మావ్స్ ముక్క ఇంకా కణంలోనే ఉంటుంది, కానీ ఆ పొర మీద లేదు కాబట్టి దానివల్ల ప్రయోజనం లేదు. ఒక వైరస్ పని కట్టుకుని దీన్ని తెంపుతోందంటేనే ఆ పొర మన రక్షణకు ఎంత అవసరమో అర్థమవుతుంది.

మందుల అనుభవం కూడా ఇదే చెబుతోంది. కాంటోస్ అనే పెద్ద ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. అంతకుముందు గుండెపోటు వచ్చి, రక్తంలో సీఆర్‌పీ అనే ఇన్‌ఫ్లమేషన్ సూచిక ఎక్కువగా ఉన్న 10,061 మందికి ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కనకినుమాబ్ అనే మందో, మందు లేని ఉత్త ఇంజెక్షనో ఇచ్చారు. కొలెస్టరాల్‌ను ముట్టుకోకుండానే 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి దాదాపు 15 శాతం తగ్గాయి. గుండె జబ్బులో ఇన్‌ఫ్లమేషన్ ప్రేక్షకుడు కాదని తేలిన రోజది. అయితే మందు తీసుకున్నవాళ్లలో ప్రాణం తీసిన ఇన్ఫెక్షన్లు పెరిగాయి. మొత్తం మరణాల్లో తేడా రాలేదు. ఈ రెండు వాక్యాలను వదిలేసి మొదటిదొక్కటే చెప్పేవాళ్లను నేను నమ్మను.

రోగనిరోధక కణాలు తమ సొంత మైటోకాండ్రియాతోనే ఎటు పోవాలో నిర్ణయించుకుంటాయి. బ్యాక్టీరియాను చూసిన మాక్రోఫేజ్ మైటోకాండ్రియాలో, శక్తి తయారీకి నడిచే రసాయన చక్రంలోని సక్సినేట్ అనే పదార్థం పేరుకుంటుంది, అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను పెంచుతుంది. కాసేపటికి అదే చక్రంలోంచి ఇటాకొనేట్ అనే ఇంకో పదార్థం తయారై ఆ మంటను తగ్గిస్తుంది. రేపేదీ ఆర్పేదీ ఒకే చోటు నుంచి వస్తున్నాయి. సమయం తప్పితేనే తిప్పలు.

ప్రశ్నలు రాసిచ్చారు, కొన్నింటికి చెబుతాను.

మానసిక ఒత్తిడికీ దీనికీ సంబంధం ఉందా అని ఒకరు. 2019లో మార్టిన్ పికార్డ్, సహచరులు ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కొన్ని నిమిషాల పాటు పరీక్షకుల ముందు తమను సమర్థించుకుంటూ మాట్లాడమన్నారు. అరగంట తర్వాత రక్తం చూస్తే కణాల బయట తిరిగే మైటోకాండ్రియా డీఎన్‌ఏ పెరిగింది. కాబట్టి సంబంధం ఉంది. కానీ అలా పెరిగినంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు, దాన్ని చూపించి ఎవరైనా ఖరీదైన పరీక్ష చేయించుకోమంటే చేయించుకోకండి.

యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకోవచ్చా? ఈ ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగారు. 2009లో మైకేల్ రిస్టో బృందం కుర్రాళ్లతో నాలుగు వారాలు వ్యాయామం చేయించింది. సగం మందికి రోజూ విటమిన్ సీ 1,000 మిల్లీగ్రాములు, దానితో పాటు విటమిన్ ఈ ఇచ్చారు. వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది మాత్రలు వేసుకోనివాళ్లలో. వేసుకున్నవాళ్లలో ఆ లాభం కనపడలేదు. కొద్దిపాటి ఒత్తిడి తగలబట్టే కండరం తన రక్షణను పెంచుకుంటుంది, కొత్త మైటోకాండ్రియాను తయారుచేసుకుంటుంది. ఆ సూచననే మాత్రతో మాపేస్తే పెరగాల్సిన అవసరం దానికెలా తెలుస్తుంది? లోపం ఉందని డాక్టరు చెప్పి ఇచ్చిన విటమిన్ సంగతి వేరు, దాన్ని మానొద్దు.

ఆఖరిది, వినికిడి గురించి. తమ అమ్మగారికీ మేనమామకూ ఇంజెక్షన్ల తర్వాత చెవుడు వచ్చిందట, ఇది మైటోకాండ్రియా వల్లేనా అని అడిగారు. అయ్యుండొచ్చు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ లాంటి మందులు బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారుచేసుకునే రైబోజోమ్‌ను దెబ్బతీస్తాయి. మన మైటోకాండ్రియా రైబోజోమ్ దానికి దగ్గరి చుట్టం. కొందరి మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 1555వ స్థానంలో ‘ఏ’ అనే అక్షరం ఉండాల్సిన చోట ‘జీ’ అనే అక్షరం ఉంటుంది. 1993లో కనిపెట్టారు దీన్ని. ఆ ఒక్క అక్షరం మారడంతో పోలిక ఇంకా పెరిగి, మందు చెవిలోని సున్నితమైన కణాలను కూడా పట్టుకుంటుంది. అందరికీ ఇచ్చే మోతాదే వాళ్లకు ఎక్కువవుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. ఇది తల్లి నుంచే వస్తుంది కాబట్టి మీకూ, మీ అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ, ఆ అక్కచెల్లెళ్ల పిల్లలకూ ఉండే అవకాశం ఉంది. జన్యు పరీక్షతో తెలుస్తుంది. అది చేయించుకునే లోపు ఎప్పుడు ఆసుపత్రిలో చేరినా, అడిగేదాకా ఆగకుండా, ఈ సంగతి మీరే ముందు చెప్పండి. మీ కేస్ షీట్ మీద రాయించండి.